మాంఫెలా రాంఫెలే: ఆసుపత్రి నిలబెట్టిన డాక్టరు పార్టీని ఎందుకు నిలబెట్టలేకపోయారు?

దక్షిణాఫ్రికాకి చెందిన మాంఫెలా రాంఫెలే డాక్టరు వృత్తి వదిలేసి వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమంలోకి ఎందుకు వెళ్ళారు, యూనివర్సిటీనీ ప్రపంచ బ్యాంకు పదవినీ నెగ్గుకొచ్చిన మనిషి సొంత పార్టీ పెట్టి ఏడాదిన్నర లోపే ఎందుకు తప్పుకున్నారు అని అడిగారు. మొదటి సగానికి చిన్న సవరణ. ఉద్యమంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ రోగుల్ని చూస్తూనే ఉన్నారు. ఆవిడ చేసిన రాజకీయమే ఆసుపత్రి నడపడం. ఆ సంగతి పట్టుకుంటే రెండో సగం కూడా అర్థమవుతుంది.

అక్కడ డాక్టర్లు నాయకులవడం ఆవిడతో మొదలవలేదు. 1947 మార్చి 9న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తరఫున ఆల్ఫ్రెడ్ జూమా, నటాల్, ట్రాన్స్‌వాల్ ఇండియన్ కాంగ్రెస్‌ల తరఫున మోంటీ నాయకర్, యూసుఫ్ దాదూ కలిసి పోరాడతామని సంతకాలు పెట్టారు. ముగ్గురూ డాక్టర్లే కావడంతో దానికి ‘డాక్టర్ల ఒప్పందం’ అని పేరు పడింది. తెల్లవాళ్ళు కానివాళ్ళకి అందిన కొద్దిపాటి చదువుల్లో వైద్యం ఒకటి. పైగా సొంత ప్రాక్టీసు ఉన్నవాణ్ణి ఉద్యోగం తీసేస్తామని సర్కారు బెదిరించలేదు. బడి పంతులునైతే బెదిరించగలదు. రాంఫెలే తల్లిదండ్రులిద్దరూ బడి పంతుళ్ళే.

ఆవిడ 1947 డిసెంబరు 28న ఇప్పటి లింపోపో ప్రాంతంలో పుట్టారు. 1968లో డర్బన్‌లోని నటాల్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ నల్లజాతివాళ్ళు, భారతీయ సంతతివాళ్ళు, కలర్డ్ (మిశ్రమ జాతి) అని సర్కారు ముద్ర వేసినవాళ్ళు ఒకే చోట చదివేవారు. తర్వాత వర్ణవివక్ష వ్యతిరేక నాయకుడిగా పేరుపడిన స్టీవ్ బీకో అదే కాలేజీ విద్యార్థి. ఆయన మొదటి అధ్యక్షుడిగా మొదలైన విద్యార్థి సంఘం సాసో ఈ మూడు వర్గాలనీ కలిపి ‘నల్లవాళ్ళు’ అంది. అందుకే దాన్నుంచి పెరిగిన బ్లాక్ కాన్షస్‌నెస్ (నల్లజాతి చైతన్యం) ఉద్యమ నాయకుల్లో సాథ్స్ కూపర్, స్ట్రినీ మూడ్లీ లాంటి భారతీయ సంతతివాళ్ళూ కనిపిస్తారు. రాంఫెలే రాజకీయ చదువంతా అక్కడే. 1972లో డాక్టరు పట్టా చేతికొచ్చింది.

అసలు కథ 1975 జనవరిలో మొదలవుతుంది. కింగ్ విలియమ్స్ టౌన్ బయట జిన్యోకా అనే పల్లెలో ఆ ఉద్యమానికి చెందిన బ్లాక్ కమ్యూనిటీ ప్రోగ్రామ్స్ అనే సంస్థ ‘జానెంపిలో’ అనే పేరుతో ఆరోగ్య కేంద్రాన్ని తెరిచింది. మొదటి డాక్టరు రాంఫెలే. ఓపీ, కాన్పుల వార్డు, అంబులెన్సు, సిబ్బంది క్వార్టర్సు ఉండేవి. డబ్బు విరాళాలది, పెత్తనం నల్లవాళ్ళది. సర్కారుకి గిట్టనిది సరిగ్గా ఇదే. పిల్లలు తిండిలేక జబ్బుపడి వస్తుంటే మందు రాసి పంపితే మళ్ళీ అదే జబ్బుతో వస్తారు. పల్లెల్లో ఆరోగ్య కేంద్రం నడిపిన ఎవరికైనా ఇది తెలుసు. అందుకని వైద్యంతోపాటు జీవనోపాధి పనులూ నడిచాయి. న్జ్వాక్సా అనే ఊళ్ళో తోలు వస్తువుల వర్క్‌షాపు వాటిలో ఒకటి. అప్పటిదాకా ఆ సంస్థలో పనిచేస్తున్న బీకోని 1975 చివర్లో అక్కడ పనిచేయకూడదని నిషేధించారు. దాంతో ఆ సంస్థ స్థానిక శాఖ డైరెక్టరు బాధ్యత కూడా రాంఫెలే మీద పడింది. పగలు రోగులు, ఆ పైన జీతాలు, విరాళాలు, ఖాతా పుస్తకాలు. ఆవిడ పాలనా సామర్థ్యం ఎక్కడిదని అడిగేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. ప్రపంచ బ్యాంకు తర్వాతి సంగతి.

1976 ఆగస్టు 5న మపెట్లా మొహాపి అనే సహచరుడు పోలీసు లాకప్‌లో చనిపోయాడు. ఉరేసుకున్నాడన్నారు పోలీసులు. కుటుంబం తరఫున పోస్టుమార్టం దగ్గర నిలబడిన డాక్టర్లలో రాంఫెలే ఒకరు. లాకప్ చావులో సర్కారు డాక్టరు ఒక్కడే లోపల ఉంటే ఏం రాస్తాడో చెప్పక్కర్లేదు. అదే నెలలో ఆవిణ్ణి విచారణ లేకుండా నిర్బంధించారు. నాలుగు నెలలకు పైగా లోపలే ఉన్నారు.

1977 ఏప్రిల్‌లో నిషేధపు ఉత్తర్వు వచ్చింది. దీని పనితీరు తెలియకపోతే ఆ కాలం అర్థంకాదు. కోర్టు, శిక్ష, అప్పీలు ఏమీ ఉండవు. మంత్రి సంతకం చాలు. కేటాయించిన జిల్లా దాటకూడదు. ఒకసారికి ఒకరికంటే ఎక్కువమందితో కూర్చోకూడదు. ఆ మనిషి మాటల్ని పత్రికలు అచ్చు వేయకూడదు. రాంఫెలేని కింగ్ విలియమ్స్ టౌన్ నుంచి వందల మైళ్ళ దూరాన, త్సానీన్ దగ్గరి లెన్యెన్యె అనే కాలనీకి పంపారు. తమాషా ఏమిటంటే, ఉత్తర్వులో ఆవిడ పేరూ గుర్తింపు నంబరూ తప్పుగా పడ్డాయి. లాయరుతో అది తేల్చుకుని ఆవిడ తిరిగి వెళ్ళిపోయారు. కొద్ది రోజులకే సరైన ఉత్తర్వు పట్టుకుని పోలీసులు మళ్ళీ వచ్చారు.

ఆ సెప్టెంబరు 12న బీకో పోలీసు కస్టడీలో చనిపోయారు. అప్పటికి ఆయన బిడ్డని మోస్తున్న రాంఫెలే అంత్యక్రియలకి కూడా వెళ్ళలేకపోయారు. అక్టోబరు 19న సర్కారు బ్లాక్ కమ్యూనిటీ ప్రోగ్రామ్స్‌తో సహా ఆ ఉద్యమ సంస్థలన్నిటినీ నిషేధించింది. ‘జానెంపిలో’ కేంద్రం చేజారింది. ఆస్తులు ఒకే సంస్థ పేరున ఉంటే ఒక్క ఉత్తర్వుతో అన్నీ పోతాయి. ఆవిడ లెన్యెన్యెలో చేతులు కట్టుకు కూర్చోలేదు. చర్చి ఇచ్చిన చోట రోగుల్ని చూడడం మొదలుపెట్టి, ఇతుసెంగ్ అనే ఆరోగ్య కేంద్రాన్ని కట్టుకొచ్చారు. నిషేధంలో ఉంటూనే దూరవిద్యలో బీకామ్ పూర్తిచేశారు. చాలామంది జీవితచిత్రాల్లో ఈ బీకామ్‌ని ఒక్క లైనులో దాటేస్తారు, నాకైతే అది ముఖ్యమైన ఆధారం. ఇల్లు కదలనివ్వని రోజుల్లో ఆవిడ ఎంచుకున్నది లెక్కలు.

1980లలో కేప్‌టౌన్ యూనివర్సిటీకి వచ్చి, వలస కూలీల హాస్టళ్ళ మీద పరిశోధన చేశారు. అక్కడ కుటుంబానికి దక్కేది ఇల్లు కాదు, గది కాదు, మంచం. సగటున ఒక్కో మంచానికి 2.8 మంది. 1991లో ఆంత్రొపాలజీలో డాక్టరేట్, 1996లో అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. ఆ దేశంలో ఆ పదవికెక్కిన తొలి నల్లజాతి మహిళ ఆవిడే. అక్కడా మచ్చ లేకపోలేదు. ఖర్చు తగ్గించడానికి శుభ్రత లాంటి పనుల్ని బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు. కింది ఉద్యోగులు రోడ్డున పడ్డారు. 2015 విద్యార్థి ఆందోళనల తర్వాతే యూనివర్సిటీ ఆ విధానాన్ని వదులుకుంది. 2000లో ప్రపంచ బ్యాంకు మేనేజింగ్ డైరెక్టరు.

ఇక పార్టీ. 2013 ఫిబ్రవరిలో అగాంగ్ ప్రకటించారు. 2014 జనవరి చివర్లో అప్పటి పెద్ద ప్రతిపక్షమైన డెమొక్రటిక్ అలయన్స్ ఆవిణ్ణి తమ దేశాధ్యక్ష అభ్యర్థి అంది. వారం తిరక్కుండా ఒప్పందం విరిగింది. కార్యకర్తల్ని అడగకుండా పైస్థాయిలో కుదిరిన బేరం అది, వాళ్ళు ఎదురుతిరిగారు. సూపరింటెండెంటు సంతకం పెడితే ఆసుపత్రి నడుస్తుంది, పార్టీ నడవదు. మేలో 400 సీట్ల ఎన్నికలో అగాంగ్‌కి వచ్చినవి 52,350 ఓట్లు, అంటే 0.28 శాతం, రెండు సీట్లు. ఆ పార్టీ కన్నా కొన్ని నెలలు ఆలస్యంగా పుట్టిన జూలియస్ మలేమా పార్టీకి 6.35 శాతం, 25 సీట్లు. తేడా పేరుప్రతిష్ఠల్లో లేదు. అతనికి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ యువజన సంఘం నుంచి వెంటవచ్చిన యంత్రాంగం ఉంది, ఈవిడకి వార్డు స్థాయిలో మనుషుల్లేరు. దాత డబ్బిస్తే ఆరోగ్య కేంద్రం గోడలు లేస్తాయి కానీ వార్డు కమిటీలు లేవవు.

జూలైలో ఆవిడ పార్టీ రాజకీయాల నుంచి తప్పుకున్నారు. ఆ రెండు సీట్లలో ఒక్కదానిలోనూ కూర్చోలేదు. 2018లో ప్రపంచ భవిష్యత్తు సమస్యల మీద పనిచేసే మేధావుల సంస్థ క్లబ్ ఆఫ్ రోమ్‌కి సహాధ్యక్షురాలయ్యారు.