టెక్ సందేహాలు: ఫార్మాట్ కొట్టే ముందు కెర్నెల్‌ని అడగండి

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వాడుతున్నాను. పాటలు వింటుంటే మధ్యమధ్యలో టప్‌మని శబ్దం వచ్చి పాట తెగుతోంది. ర్యామ్ పెంచినా తగ్గలేదు. రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకర్లలో వినండి. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పు గాలికి జాక్ లోపల తుప్పు పట్టడం మామూలే. స్పీకర్లలోనూ అదే శబ్దం వస్తే అప్పుడు కెర్నెల్ వైపు, అంటే హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాములనీ నడిపించే లైనక్స్ గుండెకాయ వైపు చూడాలి.

సౌండ్ కార్డుకి డేటా టైముకి అందకపోతే పాట తెగుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 1,024 శాంపిళ్ల బఫర్ సుమారు 21 మిల్లీసెకన్లలో ఖాళీ అయిపోతుంది. ఆలోపు ప్లేయర్‌కి సీపీయూ దొరకాలి. దొరకలేదంటే ఆ కాసేపూ దాన్ని ఇంకెవరో పట్టుకుని కూర్చున్నట్టే. టాస్క్ మేనేజర్ లాంటివి సెకన్ల లెక్కన సగటు చూపిస్తాయి, ఇంత చిన్న గ్యాప్ వాటి కంట పడదు. కెర్నెల్‌కి మాత్రం ఎవరు ఎప్పుడు ఎక్కారో, ఎప్పుడు దిగారో తెలుసు. అది రాసిపెట్టే ఏర్పాటే ఎఫ్‌ట్రేస్. 2008లో వచ్చిన 2.6.27 వెర్షన్ నుంచీ లైనక్స్‌లో ఉంది, మీ ల్యాప్‌టాప్‌లోనూ ఉంది.

దాన్ని తేలిగ్గా వాడుకోవడానికి ట్రేస్-సీఎండీ, కెర్నెల్‌షార్క్ అనే రెండు ప్యాకేజీలు వేసుకోండి. ఈవెంట్ అంటే కెర్నెల్‌లో జరిగిన ఒక సంగతి గురించి రాసుకునే నోటు. షెడ్యూలర్ (సీపీయూ ఎవరికివ్వాలో తేల్చేది), ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ సీపీయూని పిలిచే పిలుపు) ఈవెంట్లు ఎంచుకుని రూట్‌గా ట్రేస్-సీఎండీకి స్టార్ట్ ఇచ్చి పాట పెట్టండి. టప్‌మన్న వెంటనే స్టాప్ కొట్టండి. వెంటనే అని ఎందుకంటున్నానంటే, ఒక్కో సీపీయూకి మామూలుగా ఇచ్చే బఫర్ 1,408 కిలోబైట్లే. అది నిండితే పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. ఆలస్యమైతే మీకు కావలసిన ఘడియే చెరిగిపోతుంది. తర్వాత ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే ఒక ఫైలు తయారవుతుంది, దాన్ని కెర్నెల్‌షార్క్‌లో తెరవండి. ప్లేయర్‌ని లేపిన క్షణానికీ, దానికి సీపీయూ దొరికిన క్షణానికీ మధ్య ఎంత గ్యాప్ ఉందో చూడండి. ఆ గ్యాప్‌లో ఆ సీపీయూ మీద ఎవరి పేరుందో ఆయనే మన దొంగ.

ఆ పేరు ఏదైనా డ్రైవర్‌ది అయితే, దాని ఫంక్షన్ల (కోడ్‌లోని చిన్న చిన్న పనుల) మీద ఫంక్షన్ గ్రాఫ్ ట్రేసర్ పెట్టండి. ఏ ఫంక్షన్ ఎంతసేపు తీసుకుందో వరసగా చూపిస్తుంది. పక్కన గుర్తులు కూడా వేస్తుంది: 10 మైక్రోసెకన్లు దాటితే +, 100 దాటితే !, 1,000 దాటితే #, 10 మిల్లీసెకన్లు దాటితే *. మీరు వెతకాల్సింది నక్షత్రం గుర్తు, దానిపైన ఉండే @ కూడా. అక్కడ కనబడిన పేరుతో డ్రైవర్ కొత్త వెర్షన్ ఉందేమో చూసుకోవచ్చు, బగ్ రిపోర్టూ రాయొచ్చు.

ఎవరూ దొరకకపోతే హెచ్‌డబ్ల్యూల్యాట్ ట్రేసర్ ఉంది. కెర్నెల్‌కి చెప్పకుండా బయాస్ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) సీపీయూని లాక్కునే సందర్భాలను పట్టడానికి పెట్టినది. అది నడిచేటప్పుడు మెషీన్ మీద వేరే పని పెట్టుకోవద్దు, ఇంటరప్టులు ఆపేసి కూర్చుంటుంది. అందులో పెద్ద అంకెలు వస్తే బయాస్ అప్‌డేట్ ఒక్కటే దారి. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది పోదు.

ప్రశ్న: గాజువాక నుంచి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే ఆగి ఆగి కదులుతోంది. ఫోన్‌లో ఇలా చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు, లోపల ఉన్నదీ ఎఫ్‌ట్రేసే. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి అందులో సిస్టమ్ ట్రేసింగ్ ఉంది. రికార్డ్ చేసిన ఫైలుని కంప్యూటర్ బ్రౌజర్‌లో, ట్రేస్‌లను బొమ్మలా చూపే పర్ఫెట్టో పేజీలో తెరవండి. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది 16.6 మిల్లీసెకన్లే, అంతకు మించిన ఫ్రేమ్ దగ్గర ఏ యాప్ నడుస్తోందో చూడండి.

ప్రశ్న: రుషికొండలో ఒక కంపెనీలో సర్వర్లు చూస్తాను. కెర్నెల్‌లో ప్రతి ఫంక్షన్‌కీ ట్రేసింగ్ తగిలించి ఉంటుందట. వాడనప్పుడు స్పీడ్ తగ్గదా? ప్రొడక్షన్‌లో ఆన్ చేయాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: వాడనప్పుడు పడే భారం లెక్కలోకి రాదు. కంపైలర్ దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ట్రేసర్‌కి ఒక కాల్ పెడుతుంది, నిజమే. కానీ బూట్ అయ్యేటప్పుడే కెర్నెల్ వాటన్నిటినీ ఏ పనీ చేయని ఖాళీ సూచనలుగా మార్చేస్తుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో ఒక్కోటి 5 బైట్లు. మీరు ఒక ఫంక్షన్‌ని ఎంచుకుంటే ఆ ఒక్కచోటే 5 బైట్లు మళ్లీ కాల్‌గా మారతాయి. నడుస్తున్న కోడ్‌ని నడుస్తుండగానే మార్చడం ఇది. సగం మారిన సూచనను ఇంకో సీపీయూ చదివితే సిస్టమ్ కూలుతుంది. అందుకని మొదటి బైటు మీద బ్రేక్‌పాయింట్ (అక్కడికొచ్చిన సీపీయూని పక్కకు మళ్లించే గుర్తు) పెడతారు, మిగతా 4 బైట్లు మారుస్తారు, ఆఖరున మొదటి బైటు మారుస్తారు.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. 2008లో 2.6.27 ఇంకా టెస్టింగ్‌లో ఉండగా ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు వరసగా పాడయ్యాయి. కార్డు తన సెట్టింగులు దాచుకునే ఫ్లాష్ మెమరీయే చెడిపోయేది. అందరూ నెట్‌వర్క్ డ్రైవర్‌ని అనుమానించారు. చివరికి తేలింది ఎఫ్‌ట్రేస్! మాడ్యూల్ (కెర్నెల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ లాంటి ముక్క) మొదలయ్యేటప్పుడు మాత్రమే వాడే ఫంక్షన్ల చిరునామాలను కూడా అది గుర్తుపెట్టుకుంది. ఆ మెమరీ ఖాళీ అయ్యాక అదే చిరునామాకి కార్డు ఫ్లాష్ వచ్చి చేరింది. ఎఫ్‌ట్రేస్ అక్కడ ‘పాత విలువే ఉంటే మార్చు’ అనే సూచన నడిపింది. విలువ కలవకపోయినా ఆ సూచన ఉన్నదాన్నే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు, హార్డ్‌వేర్‌కి మాత్రం ప్రతి రాతా ఒక ఆదేశమే. 2.6.27.1లో ఆ సదుపాయాన్ని ఆపేశారు. తర్వాత ఏయే చోట్ల మార్చాలో కంపైల్ అయ్యేటప్పుడే జాబితా కట్టే పద్ధతికి మార్చి తిరిగి తెచ్చారు.

కాబట్టి ఈవెంట్లు వాడండి, ఫంక్షన్ ట్రేసింగ్ అయితే ఫిల్టర్ పెట్టుకుని వాడండి. బిజీగా ఉన్న సర్వర్‌లో అన్ని ఫంక్షన్లనీ ఒకేసారి ఆన్ చేయొద్దు. బూట్ లాగ్‌లో ట్రేస్ ప్రింట్‌కే (డెవలపర్లు డీబగ్ కోసం ట్రేస్‌లో సందేశాలు రాసే ఫంక్షన్) గురించి పెద్ద నోటీసు కనబడితే, ఎవరో డీబగ్ కోడ్ తీయకుండా వదిలేశారని అర్థం. ఆ కెర్నెల్‌ని ప్రొడక్షన్‌లో పెట్టకండి.

ప్రశ్న: మద్దిలపాలెం నుంచి, బీటెక్ ఫైనలియర్. కెర్నెల్ ట్రేసింగ్‌లో పని చేయాలని ఉంది. అన్నీ వచ్చేశాయి కదా, ఇంకా చేయడానికి ఏముంది?

జవాబు: బోలెడంత ఉంది, ఎక్కువగా ఉన్నదాన్ని కాపాడే పని. 2011లో 2.6.39 నుంచి పాత పెద్ద లాక్‌ని (బిగ్ కెర్నెల్ లాక్, కెర్నెల్ కోడ్‌లో ఒకసారికి ఒక్కరినే నడవనిచ్చే తాళం) పూర్తిగా తీసేశారు. ప్రతి ఈవెంట్‌లోనూ ఆ లాక్ లోతు (ఎన్నిసార్లు ఒకదానిపై ఒకటి వేశారో) చెప్పే 4 బైట్లు ఉండేవి. ఇక లాకే లేదు కదా అని వాటినీ తీసేస్తే, బ్యాటరీ వాడకం చూపే పవర్‌టాప్ పని చేయడం మానేసింది. ఈవెంట్‌లో ఏ వివరం ఎక్కడుంటుందో చెప్పే ఫార్మాట్ ఫైలు ఉన్నా, పవర్‌టాప్ రాసినవాళ్లు అది చదవకుండా స్థానాలను కోడ్‌లోనే రాసుకున్నారు. కెర్నెల్ మారినా యూజర్ ప్రోగ్రాములు చెడకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టే నియమం. దాంతో ఆ 4 బైట్లను ఖాళీగానే తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఒక ఈవెంట్ పెడితే దాన్ని ఏళ్ల తరబడి మోయాలి, అందుకే కొత్తవి పెట్టడానికి కొందరు మెయింటెయినర్లు (కెర్నెల్‌లో ఒక్కో భాగాన్ని చూసుకునేవాళ్లు) ఒప్పుకోరు. వాళ్ల మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

మెరుగులు దిద్దే పనీ ఆగలేదు. ఈవెంట్ల ఫోల్డర్లు ఊరికే మెమరీ తినేవి. 2023లో వచ్చిన 6.6లో, ఎవరైనా తెరిచినప్పుడే వాటిని తయారు చేసేలా మార్చారు.

మీరు వర్చువల్ మెషీన్‌లో మొదలుపెట్టండి. కెర్నెల్ సోర్స్‌లో సెల్ఫ్‌టెస్ట్స్ ఫోల్డర్ కింద ఎఫ్‌ట్రేస్ పరీక్షలున్నాయి, అన్నీ షెల్ స్క్రిప్టులే, చదివితే అర్థమవుతాయి. నడిపి చూసి ‘ఫెయిల్’ అన్నవాటి వెంట పడండి. ‘అన్‌సపోర్టెడ్’ అని వస్తే చాలాసార్లు మీ కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ లేదనే, దాన్ని బగ్ అనుకుని ట్రేసింగ్ మెయింటెయినర్లు స్టీవెన్ రోస్టెడ్‌కో, మసామి హిరమత్సుకో రాయకండి.