అమ్మమ్మ మాటలు రికార్డు చేయబోయే మేనకోడలికి

కావలి

అమ్మాయ్,

నువ్వు అడిగింది ఒక్క ముక్క, "మామయ్యా, ఏ రికార్డరు కొనను?" అని. ముప్పై ఏళ్లు జేబులో రికార్డరు వేసుకుని ఊళ్లు తిరిగిన విలేకరిని అడిగి ఒక్క ముక్కతో బయటపడదామనుకున్నావా? కాఫీ పెట్టుకుని కూర్చుని చదువు.

ఫోన్ చాలదా అని మీ ఆయన అన్నాడట. చాలదని నేననను. చప్పుడు లేని గదిలో దగ్గరగా పెట్టుకుంటే ఈ కాలం ఫోన్లు బాగానే పట్టుకుంటాయి. చిక్కల్లా మా అమ్మతోనే, అదే మీ అమ్మమ్మతోనే. ఫోన్ కనపడిందంటే వీడియో కాల్ అనుకుని కొంగు సర్దుకుని, "లైన్లో ఎవరే?" అంటుంది. మధ్యలో అది మోగిందా, కథ అక్కడితో సరి. మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొస్తుంది, ఈసారి సగమే. చిన్న నల్ల డబ్బాతో ఆ గొడవ లేదు. పక్కన పెట్టిన కాసేపటికి దాన్ని మర్చిపోతుంది. వేరే రికార్డరు కొనమనేది ముఖ్యంగా అందుకే.

అట్టపెట్టె మీద ఇన్ని వందల గంటలు పడుతుందని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అది చూసి కొనొద్దు. వేవ్ ఫార్మాట్‌లో, అంటే గొంతును కుదించకుండా ఉన్నదున్నట్టు, రికార్డు చేస్తుందా, మెమరీ కార్డు పెట్టుకోవచ్చా, బయటి మైకు గుచ్చుకునే వీలుందా, ఈ మూడూ చూడు. సోనీ వాళ్ల పీఎక్స్470లో ఇవన్నీ ఉన్నాయి. లోపల 4 జీబీ జాగా ఉంటుంది. టీవీ రిమోట్లో వేసే సన్న సెల్లులు రెండు వేస్తే నడుస్తుంది. యూఎస్‌బీ దాంట్లోంచే బయటికొస్తుంది కాబట్టి కేబుల్ వెతుక్కునే పని లేదు. యూఎక్స్570 ఇంకా సన్నంగా ముచ్చటగా ఉంటుంది గానీ, దాని బ్యాటరీ లోపలే ఉంటుంది. ఛార్జింగ్ అయిపోయిందంటే ఇంక చేతులు కట్టుకుని కూర్చోవాలి. సెల్లులైతే ఏ పల్లెలో అయినా కిరాణా కొట్లో దొరుకుతాయి. పాటలు, భజనలు కూడా పట్టాలనుకుంటే జూమ్ హెచ్1ఎన్ లాంటిది మేలు, రెండు మైకులు బయటికే కనిపిస్తుంటాయి. నీకు ఇప్పుడు అంత అక్కర్లేదు.

సీడీ నాణ్యతతో వేవ్ అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీ, గంటకు 600 ఎంబీ దాటుతుంది. అదే కుదించి దాచే ఎంపీ3, మామూలు 128 కేబీపీఎస్‌ది అయితే గంటకు 60 ఎంబీ లోపే. మీ ఆఫీసు మీటింగులకు ఎంపీ3 చాలు. అమ్మకు మాత్రం వేవే పెట్టు. వేవ్‌ను ఎప్పుడంటే అప్పుడు ఎంపీ3 చేసుకోవచ్చు, ఎంపీ3 చేసేటప్పుడు పోయింది మాత్రం తిరిగి రాదు. 32 జీబీ కార్డులో 50 గంటల దాకా పడుతుంది. అమ్మ ఎంత మాటకారి అయినా నీ సెలవుల్లో అది నిండదు.

ఇప్పుడొక మాట గట్టిగా చెబుతా. డబ్బా చేతికి రాగానే మెనూలోకి వెళ్లి వీఓఆర్ అనేది ఉంటే ఆపెయ్. మాట వినపడితే నడవడం, మాట ఆగితే ఆగిపోవడం దాని పని. సెల్లు ఆదా, జాగా ఆదా అంటారు. 1989 నవంబరులో మన కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి అడుగుదామని, ఆ తర్వాత చాలా ఏళ్లకు తుమ్మలపెంట వెళ్లాను. ఒక పెద్దాయన వలలు బాగుచేసుకుంటూ చెప్పుకొచ్చాడు. "తమ్ముడు పడవ లాగేదానికి పొయ్యినాడు" అని ఆగిపోయాడు. చాలాసేపు ఆగాడు, ఎదురుగా కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. నేనూ కదల్లేదు. తర్వాత "మళ్లా రాలా" అన్నాడు. ఇంటికొచ్చి వింటే ఆ ఆగడం లేదు. ఏదో లెక్క అప్పజెప్పినట్టు రెండు మాటలూ అతుక్కుపోయి ఉన్నాయి. అదీ "మ" తెగిపోయి, "ళ్లా రాలా" అని. మిషన్ తప్పేం లేదు, దానికి చెప్పిన పని అది చేసింది. నేను చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మ ఆ తుఫాను రాత్రి సంగతి చెప్పేటప్పుడు కూడా మధ్యలో ఆగుతుంది. నువ్వు తొందరపడి ఇంకో ప్రశ్న వెయ్యకు.

రికార్డరు చేత్తో పట్టుకోవద్దు. వేలు కదిలితే చాలు, గరగరమని పడుతుంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద ఉంచు, అమ్మ నోటికి మూరెడు దూరంలో. దూరం రెట్టింపైతే గొంతు సగానికి పడిపోతుంది, గదిలో చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. మైకు సెన్సిటివిటీ హై మీద పెడితే పక్కింటి కుక్కర్ కూడా మన ఇంట్లోదే అనిపిస్తుంది, మీడియం గానీ లో గానీ చాలు. లో కట్ అని ఉంటే ఆన్ చెయ్యి, గాలి గుయ్యిమనడం కొంత తగ్గుతుంది. ఫ్యాను ఆపక తప్పదు. మన ఎండలకి ఆ వయసులో ఫ్యాను లేకుండా కూర్చోబెట్టడం పాపం కాబట్టి పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టు. ఇరవై నిమిషాలకొకసారి ఆపి, ఫ్యాను వేసి, మజ్జిగ ఇవ్వు. రైలు కూత పడితే పడనీ. కావలిలో రైలు కూత వినపడకపోతేనే వింత.

ఇంకో చిక్కు. కథ చెప్పేవాళ్లకు ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి, లేకపోతే అమ్మ "వింటున్నావంటే?" అని ఆపేస్తుంది. నువ్వు ఊఁ కొడితే ఆమె ప్రతి మాట మీదా నీ ఊఁ పడుతుంది. నా పాత క్యాసెట్లలో సగం నా ఊఁలే. అందుకని ఎదురుగా కూర్చుని తల ఊపు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు బాగానే కనిపిస్తోంది. ఏడాది తప్పు చెప్పినా, పేరు తప్పు చెప్పినా దిద్దకు. తర్వాత కాగితం మీద మనం రాసుకుందాం.

రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు, తనకు తెలియకుండా వద్దు. మీ తాత అప్పుల సంగతి వస్తే "అది ఆపవే" అంటుంది. అన్నప్పుడు ఆపు.

గడియారం, తేదీ సరిచేసుకున్నాకే మొదటి రికార్డింగు. ఎర్ర బటన్ నొక్కి, అంకెలు కదులుతున్నాయో లేదో చూసి, తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నావో నీ గొంతుతోనే చెప్పు. వెంటనే హోల్డ్ వెయ్, పొరపాటున ఏ బటన్ తగిలినా పనిచెయ్యకుండా. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లోకి ఒకటి, పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి కాపీ చేసి, రెండూ విని చూశాకే కార్డు ఖాళీ చెయ్. పనైపోయాక సెల్లులు తీసెయ్. నా పాత రికార్డరు ఒకటి సెల్లు కారి పచ్చగా చిలుం పట్టి పోయింది.

టైపు చెయ్యడానికి గంట మాటలకు నాకైతే ఐదు గంటలు పడుతుంది. నెమ్మదిగా వినిపించే బటన్ ఉంటుంది, వాడుకో. "రాలా" అంటే "రాలేదు" అని మార్చకు.

వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపాలి, దాని మూలుగు గోడ దాటి వస్తుంది. ఆపినప్పుడు నీ స్కూటీ తాళం అందులో పెట్టు. లేకపోతే మళ్లీ వెయ్యడం మర్చిపోతావు. పోయినసారి నేను మర్చిపోతే గిన్నెడు చేపల పులుసు పాడైంది, అమ్మ ఇప్పటికీ అంటోంది.

నీ మామయ్య