అమావాస్య చూసుకుని టికెట్లు కొనండి

"అమెరికాలో ఉంటున్నాం, అమ్మానాన్నలు వచ్చారు. నలుగురం మొదటిసారి ఏదైనా కరేబియన్ దీవికి వెళ్దామనుకుంటున్నాం. 3,500 డాలర్లు దాటకూడదు. జమైకానా, అరూబానా, ప్యూర్టో రికోనా?" అని ఒకరు అడిగారు. సరిగ్గా ఇదే లెక్కతో, ఇలాగే నలుగురం, 2023 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి వెళ్ళొచ్చాం. అందుకని ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు అందరికంటే ఎక్కువ ఉందనుకుంటున్నాను.

ప్యూర్టో రికో వెళ్ళండి. బీచ్ కోసం కాదు, బీచ్‌లు మూడు చోట్లా బాగానే ఉంటాయి. ముందు మీ పాస్‌పోర్టు తీసి వీసా పేజీ చూసుకోండి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే మిగతా రెండూ మర్చిపోండి. మా ఆఫీసులో ఒకతను జమైకాకి భారతీయులకు వీసా అక్కర్లేదని చదివి రిసార్టు బుక్ చేసేశాడు. వెళ్ళడానికి అక్కర్లేదు, నిజమే. తిరిగి అమెరికాలోకి రావడానికి కావాలి కదా! గడువు తీరిన వీసాతో కెనడా, మెక్సికో వెళ్ళి 30 రోజుల్లోపు వెనక్కి రావచ్చనే వెసులుబాటు ఒకటుంది. అది జమైకాకీ పనిచేస్తుందనుకున్నాడు. దీవుల విషయంలో ఆ వెసులుబాటు చదువుకీ, ఎక్స్ఛేంజి కార్యక్రమాలకీ ఇచ్చే ఎఫ్, జె వీసాల వాళ్ళకే. ప్రయాణానికి పది రోజుల ముందు ఎవరో చెబితే తెలిసింది, డబ్బు వెనక్కి రాలేదు. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే కాబట్టి ఈ టెన్షన్ లేదు. అయినా పాస్‌పోర్టులు, హెచ్1బీ మంజూరైనట్టు ఇచ్చే ఐ-797 కాగితం వెంట ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో అడిగితే చూపించాలి.

రెండోది, గది, తిండి, మందు అన్నీ ఒకే రేటులో కలిపే ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టుల జోలికి పోకండి. మందు తాగని, మాంసం తినని నలుగురు అక్కడికి వెళ్ళడమంటే ఉపవాసం ఉన్నవాడు పెళ్ళి భోజనానికి టికెట్టు కొనుక్కున్నట్టు. మేం వెళ్ళింది కార్తీక మాసంలో. అమ్మకి ఉల్లిపాయ కూడా పనికిరాదు. నాకున్న సెలవులన్నీ ఇండియా ప్రయాణానికి దాచుకోవాలి కాబట్టి ఆఫీసు ఎలాగూ మూసే థ్యాంక్స్‌గివింగ్ వారమే మాకు దిక్కు. ఆ వారం విమానం టికెట్ల ధరలు మీకు తెలియనివి కావు. న్యూజెర్సీలోని నెవార్క్ నుంచి నలుగురికీ 1,360 అయింది. లుకీయో అనే ఊళ్ళో వంటగది ఉన్న అపార్ట్‌మెంటు నాలుగు రాత్రులకి, శుభ్రం చేసే ఫీజూ పన్నులూ కలిపి, 920. కారు 410. అంటే ఇంట్లోంచి కదలకముందే 2,690 పోయాయి. అద్దె చూసేటప్పుడు పైన కనిపించే రేటు నమ్మకండి. చివరి పేజీ దాకా వెళ్ళి, మొత్తం చూశాకే పోల్చుకోండి.

రైస్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టాం. నవ్వుకోండి, పర్లేదు. అక్కడ అన్నంలో కలిపి వండే 'గందూలెస్' అంటే మన కందులే. పచ్చి కందికాయల గింజలు. ఆ మాట ఆఫ్రికా భాషల నుంచి వచ్చిందంటారు. గోదావరి జిల్లాల వాడినైన నాకు మాత్రం కందులనే వినిపించింది. ఎంతో ఆశపడి హోటల్లో అడిగితే అందులో పంది మాంసం పడుతుందని చెప్పారు. నాలుగు చోట్ల అడిగాం, నాలుగు చోట్లా అంతే. అమ్మ డబ్బా గందూలెస్ కొని, ఇంట్లో ఇంగువ తాలింపు పెట్టి వండింది. ప్యూర్టో రికో మొత్తంలో నాకు బాగా గుర్తున్న భోజనం అది.

నాన్నకి బాగా నచ్చింది రోడ్లు. దూరాలు కిలోమీటర్లలో రాస్తారు, పెట్రోలు లీటర్లలో పోస్తారు. వేగం మాత్రం మైళ్ళలోనే. "ఆర్నెల్లకి లెక్క అర్థమయ్యే చోటికి తీసుకొచ్చావు రా" అన్నారు.

ఇక అసలు సంగతి. బడ్జెట్‌ని తినేది విమానమూ కాదు, హోటలూ కాదు. "ఇంత దూరం వచ్చాం కదా" అనే ఒక్క మాట. మాకు అది శనివారం వచ్చింది, ఆఖరి రాత్రి.

ప్యూర్టో రికోలో రాత్రిపూట నీళ్ళు వెలిగే చోట్లు మూడున్నాయి. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే నీలంగా మెరుస్తాయి. మూడింట్లో బాగా వెలిగేది వియేకెస్ దీవిలోది. దానికి సేయ్‌బా రేవు నుంచి ఫెర్రీ ఉంది, అప్పట్లో టికెట్టు రెండు డాలర్లే. కానీ ఆ దీవిలో ఉండేవాళ్ళకే ముందు ఇస్తారు. అదే న్యాయం కూడా, వాళ్ళకది మన పల్లెవెలుగు బస్సు లాంటిది. పండగ రోజుల్లో మనకేం మిగుల్తాయి? దొరకలేదు. దాంతో ఆ మూడింట్లోనే ఇంకొకటి, ఫహార్దోలో ఉన్న లగూనా గ్రాందే సరస్సుకి పడవ ఉందని నేనే కనిపెట్టాను. మనిషికి 65, నలుగురికీ 260. మా ఆవిడ ఫోన్లో లెక్క చూసి వద్దంది. నేను ఆ మాట అన్నాను. "ఇంత దూరం వచ్చాం కదా."

రాత్రి ఏడున్నరకి లాస్ క్రోఆబాస్ రేవులో ఎక్కాం. మడచెట్ల మధ్య సన్నటి కాలువ, కొమ్మలు తలకి తగులుతున్నాయి. కోరింగ మడ అడవిలో పడవ ఎక్కినట్టే ఉందని నాన్న హుషారుగా ఉన్నారు. నీళ్ళకి మంచిది కాదని దోమల మందు రాసుకోనివ్వలేదు, దోమలు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. కాలువ దాటి సరస్సులోకి వచ్చాం. అమ్మ తలెత్తి చూసింది. నేనూ చూశాను. నెత్తిమీద చంద్రుడు ఇంత, పళ్ళెమంత. నీళ్ళ మీద వెన్నెల పేపరు చదువుకునేట్టుంది. గైడు తెడ్డుతో నీళ్ళు కదిపి "చూశారా, చూశారా" అంటున్నాడు. నాకు నీళ్ళే కనిపించాయి.

"రేపు కార్తీక పౌర్ణమి రా," అంది అమ్మ, చాలా నెమ్మదిగా. "చీకటి కావాలని నాకు చెప్పకూడదూ? అమావాస్య ఎప్పుడో చెప్పేదాన్ని కదా."

ఆవిడ బ్యాగులో మడత పెట్టిన తెలుగు క్యాలెండర్ ఉంది. నా దగ్గర మూడు ట్రావెల్ యాప్‌లు ఉన్నాయి. మూడింటిలో ఒక్కటీ చంద్రుడి మాట ఎత్తలేదు. ఆ పడవ వాళ్ళు పౌర్ణమి ముందురోజు కూడా మాకు టికెట్లు అమ్మారు, ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

గైడుకి మా మొహాలు చూసి జాలేసిందేమో, నల్లటి టార్పాలిన్ ఒకటి తీసి మా అందరి మీదా కప్పాడు. "ధాన్యం తడవకుండా కప్పినట్టు కప్పేశాడేంట్రా," అన్నారు నాన్న లోపల్నుంచి. ఆ చీకట్లో, చెమట్లో, ఒకరి మోకాలు ఒకరికి తగుల్తూ పడవ అంచు మీద వంగి చూశాం. గైడు తెడ్డు ముంచాడు. తెడ్డు వెంట సన్నటి నీలిపొడి, కాకరపువ్వొత్తి ఆరిపోయే ముందు రాలే రవ్వల్లా, రెండు మూడు క్షణాలు. అమ్మ "అదిగో" అంది. నాన్నకి అద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. ఇప్పటికీ ఆ విషయం ఒప్పుకోరు, చూశాననే చెబుతారు.

కాబట్టి వెలిగే నీళ్ళు చూడాలనుంటే ముందు క్యాలెండర్‌లో అమావాస్య చూసి, దానికి అటూ ఇటూ నాలుగు రోజుల్లో విమానం టికెట్లు కొనండి. చూడక్కర్లేదంటే ఏ వారమైనా ఒకటే. జూన్ నుంచి నవంబరు ఆఖరు దాకా తుపాన్ల కాలం, అది గుర్తుంచుకోండి. మే మొదటి వారాలు నాకు మంచివనిపిస్తాయి, టికెట్లు తగ్గుతాయి.

మిగతా రోజులు చవగ్గానే గడిచాయి. పాత శాన్ హువాన్‌లో మనిషికి 10 డాలర్లకి రెండు కోటలు చూడొచ్చు. ఎల్ మోర్రో ముందు పచ్చిక మైదానంలో గాలిపటాలు ఎగరేస్తుంటారు, దానికి టికెట్టు లేదు, మేం కోట కంటే అక్కడే ఎక్కువసేపు కూర్చున్నాం. ఎల్ యుంకే అడవి బాగుంది, అమ్మ మోకాళ్ళకి బాగోలేదు.

లుకీయో బీచ్ పక్కన రోడ్డు మీద ఒకాయన ఐసు పెట్టెలో కొబ్బరి బొండాలు పెట్టుకుని అమ్ముతున్నాడు. కాయ 5 డాలర్లు. నాన్నది అమలాపురం పక్క పల్లె. 415 రూపాయలని లెక్క కట్టి ఆగిపోయారు. "మనదగ్గర కాయ పది రూపాయలకి అడిగేవాడు లేడు." అయినా రెండు కొనిపించారు, తాగాక కాయని రెండు చెక్కలు చేయమని చేత్తో సైగ చేశారు. ఆయన చేశాడు. పీచు మీంచి చెంచాలాంటి ముక్క చెక్కి ఇచ్చాడు. ఇద్దరికీ భాష లేదు, ఆ ముక్క దగ్గర మాత్రం ఒకరికొకరు బాగా అర్థమైపోయారు. బీచ్ పొడవునా వంగిన చెట్లు చూసి "వీటికి కాయల దింపు ఎవరు తీస్తారో కనుక్కో" అన్నారు నాతో. గూగుల్‌లో అడిగి కనుక్కునేది కాదది. కానీ అట్లాంటిక్ వైపు కొబ్బరి మన హిందూ మహాసముద్రం వైపు నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని ఎప్పుడో చదివాను, అది చెప్పాను. "అంటే మన చెట్టే. మరి డబ్బులెందుకు ఇచ్చావు?"

తిండి, పెట్రోలు, టోలు, కోటలు, బొండాలు అన్నీ 560. పడవ 260. మొత్తం 3,510. పది డాలర్లు దాటాం. ఆ పదీ పడవవని నేనంటాను, బొండాలవని నాన్న అంటారు.

ఆదివారం రాత్రి ఇల్లు చేరేసరికి పది. అమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, బాల్కనీలో 365 ఒత్తులు వెలిగించింది. పొగ అలారం మోగుతుంటే నేను స్టూలెక్కి తువ్వాలుతో విసిరాను. మళ్ళీ వెళ్దామని ఈమధ్య ఫోన్లో అన్నాను. మర్నాడు పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో అమలాపురం నుంచి క్యాలెండర్ పేజీల ఫోటోలు మూడు వచ్చి ఉన్నాయి, ప్రతిదాంట్లో అమావాస్య చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా.