నెలనెలా బడి పత్రిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

చిన్న ప్రాథమిక పాఠశాలల్లో నెలకొకసారి తెచ్చే బడి పత్రిక గురించి టీచర్లు, తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్ర: మాది ఇద్దరు టీచర్లు, 46 మంది పిల్లలు ఉన్న బడి. ఉత్సాహంగా పత్రిక మొదలుపెట్టాం. రెండు సంచికలు వచ్చేసరికే రాయడానికి ఏమీ మిగల్లేదు. చిన్న బడిలో నెలనెలా వార్తలు ఎక్కడి నుంచి వస్తాయి?

జ: వార్తలు మీ బడిలో రోజూ పుడుతున్నాయి. పుట్టిన రోజే ఎవరూ రాసుకోకపోవడం వల్ల ఈ కరువు. నెలాఖరున కూర్చుని "ఈ నెల ఏం జరిగిందబ్బా" అని తలుచుకుంటే సభలు, అతిథులు, బహుమతులు తప్ప ఇంకేమీ గుర్తురావు. అవి నెలనెలా ఉండవు.

తలుపు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడదీసి, దానికి దారంతో పెన్ను కట్టండి. రోజుకొకరి వంతు. ఇంటిగంట కొట్టే ముందు ఐదు నిమిషాల్లో, ఆ రోజు తను చూసిన ఒక్క సంగతి రెండు మూడు వాక్యాల్లో రాయాలి. షరతు ఒక్కటే: రాసినదాంట్లో ఒక అంకె గానీ, ఒక "ఎందుకంటే" గానీ ఉండాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు నోటితో చెబితే పెద్దపిల్లలు రాసిపెడతారు.

ఆ షరతు ఎందుకో చూడండి. "మొక్కలకు నీళ్ళు పోశాం" అంటే ఎవరికీ వార్త కాదు. "12 చిక్కుడు గింజలు నాటాం. 9 మొలిచాయి. మొలవని మూడూ ఒకే డబ్బాలోవి. తవ్వి చూస్తే మెత్తబడి వాసన వస్తున్నాయి. ఎందుకంటే ఆ డబ్బా అడుగున చిల్లు లేదు." ఇది వార్త. చదివినవాళ్ళు తమ ఇంట్లో కుండీ అడుగును తిప్పి చూసుకుంటారు.

ఇలా నెలకు ఇరవై దాకా రాతలు పోగవుతాయి. అందులో ఎనిమిదో పదో బాగుంటే నాలుగు పేజీల పత్రిక నిండిపోతుంది. 20వ తేదీకి రాతలు ఆపేయండి. రెండు రోజులు ఎంపికకు, రెండు రోజులు సాపు రాయడానికి, ఒక రోజు ప్రింటుకు. 26, 27 కల్లా పిల్లల చేతిలో ఉండాలి. 31న పంచితే వచ్చే నెల మొదటి వారం తేదీలు ఇంట్లోవాళ్ళకు తెలిసేలోపే దాటిపోతాయి.

ప్ర: ప్రతి సంచికలోనూ వచ్చే స్థిరమైన శీర్షిక ఒకటి కావాలి. పిల్లల ఎత్తు, బరువు నెలనెలా వేస్తే ఎలా ఉంటుంది?

జ: బరువు వద్దేవద్దు. అచ్చులో పక్కపక్కన బరువులు పడితే మర్నాటి నుంచి బడిలో పేర్లు పెట్టుకుని ఏడిపించుకుంటారు. ఎత్తు కూడా నెలనెలా కొలిచి లాభం లేదు. ఈ వయసు పిల్లలు ఏడాదికి దాదాపు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే నెలకు అరసెంటీమీటరు. తల కాస్త ఎత్తినా, మడమ గోడకు ఆనకపోయినా అంత తేడా కొలతలోనే వచ్చేస్తుంది. ఈ నెల పెరిగి వచ్చే నెల తగ్గినట్టు కనిపిస్తే పిల్లలకు కొలతల మీదే నమ్మకం పోతుంది. నాలుగు నెలలకొకసారి కొలిచి, ఎవరి అంకె వాళ్ళకే చెప్పండి.

స్థిరమైన శీర్షికకు వానకొలత బాగుంటుంది. పక్కలు నిటారుగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మెడ వంపు అయిపోయి నిటారు భాగం మొదలయ్యే చోట చుట్టూ కోయండి (కోత టీచర్ల పని). మూత తీసేసి, పైముక్కను తలకిందులుగా గరాటులా కిందిముక్కలో దూర్చి, అంచుకు టేపు అంటించండి. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి అక్కడ గులకరాళ్ళు వేసి, అవి పూర్తిగా మునిగేదాకా, పక్కలు నిటారుగా ఉన్న చోటు వచ్చేదాకా నీళ్ళు పోయండి. ఆ నీటిమట్టం దగ్గర సున్నా గీత. అక్కడి నుంచి పైకి స్కేలుతో మిల్లీమీటర్లు గీసి, పైన పారదర్శకమైన టేపు అతికించండి. లేకపోతే మొదటి వానకే గీతలు చెరిగిపోతాయి.

మూతి వెడల్పు, సీసా వెడల్పు దాదాపు ఒకటే కనుక సీసాలో నీరు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగితే అన్ని మిల్లీమీటర్ల వాన పడినట్టు.

లెక్క తప్పేది మూడుచోట్ల. రాళ్ళు సున్నా గీత పైకి పొడుచుకొస్తే అవి చోటు ఆక్రమించి అంకె ఎక్కువ చూపిస్తుంది. సీసాను గోడ పక్కనో చెట్టు కిందో పెడితే వాన సరిగా పడదు; అడ్డు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో, నాలుగు ఇటుకల మధ్య గాలికి పడిపోకుండా నిలబెట్టాలి. ఇక మూడోది, చూడటం. రోజూ ఒకే సమయానికి, కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి చదవాలి. పైనుంచి వంగి చూస్తే అంకె మారిపోతుంది. చూశాక నీటిని మళ్ళీ సున్నాకు తేవాలి. వాన లేని రోజుల్లో ఆవిరై సున్నా కిందికి దిగితే అంత మేర పోయాలి.

దీన్ని నాలుగు, ఐదు తరగతుల లెక్కలకు కలపండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. బడి కప్పు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుంటే, 12 మిల్లీమీటర్ల వానకు ఆ కప్పు మీద పడిన నీళ్ళు 720 లీటర్లు. ఈ ఒక్క వాక్యం పత్రికలో పడితే చాలు, ఆ నెల దానికదే ముఖ్యవార్త.

వానలు లేని నెలల్లో మీటరు పొడవు కర్రను నిటారుగా పాతి, వారానికొకసారి అదే గంటకు దాని నీడ కొలిచి వేయండి.

ప్ర: పిల్లలు పెన్సిలుతో రాసిన పేజీలు, రంగులేసిన బొమ్మలు జిరాక్సు తీస్తే కొన్ని కనిపించడం లేదు, కొన్ని నల్లటి మచ్చలవుతున్నాయి.

జ: జిరాక్సు మెషీన్ నలుపును బాగా పట్టుకుంటుంది. పెన్సిలు గీత బూడిదరంగు, పైగా మెరుస్తుంది, అందుకే వెలిసిపోతుంది. లేత నీలం, పసుపు దాదాపు మాయమవుతాయి. ఎరుపు, ముదురు ఆకుపచ్చ నల్లగా ముద్దకడతాయి. అందుకని మొదట పెన్సిలుతో గీయించి, దాని మీద నల్ల జెల్ పెన్నుతో దిద్దించి, ఆరాక పెన్సిలు చెరిపించండి. ఆరకముందే రబ్బరు పెడితే మొత్తం అలుక్కుపోతుంది.

నలుపు నింపాల్సిన చోట మొత్తం పూయనివ్వకండి. పెద్ద నలుపు భాగాల్లో తెల్లటి చారలు వస్తాయి. చుక్కలు, అడ్డగీతలు వేయమనండి. ఏనుగు ఒళ్ళంతా గీతలతో నింపడం పిల్లలకు కూడా ఇష్టమే. గీతల నోటుపుస్తకం కాగితం వద్దు, ఆ గీతలన్నీ కాపీలో వస్తాయి. కాగితానికి వెనకవైపు కూడా రాసేసి ఉంటే, జిరాక్సు తీసేటప్పుడు దాని వెనక ఒక నల్ల కాగితం పెట్టండి. వెనకరాత ముందుకు కనబడటం తగ్గుతుంది.

ఏ4 మీద గీసినది ఏ5 (ఏ4లో సగం) పేజీలోకి రావాలంటే మెషీన్‌లో 71 శాతం అని చెప్పాలి. అప్పుడు అక్షరాలూ అదే లెక్కన కుంచించుకుపోతాయి, 7 మిల్లీమీటర్ల అక్షరం 5 అవుతుంది. కనుక ముందే పెద్దగా రాయించాలి.

ప్ర: ఏ4 కాగితాలు రెండింటిని మధ్యకు మడిచి 8 పేజీల పుస్తకంలా చేస్తున్నాం. ప్రతిసారీ పేజీల వరుస తప్పుతోంది. ఒక్కోసారి వెనకవైపు తలకిందులుగా వస్తోంది. పిన్ను కొడదామంటే స్టేప్లర్ మధ్యదాకా అందదు.

జ: ముందు డమ్మీ చేయండి. రెండు ఖాళీ కాగితాలు ఒకదాంట్లో ఒకటి మడిచి, పుస్తకంలా తిప్పుతూ 1 నుంచి 8 దాకా అంకెలు వేసి, విప్పి చూడండి. బయటి కాగితం ఒకవైపు ఎడమన 8, కుడిన 1. దాని వెనక 2, 7. లోపలి కాగితం ఒకవైపు 6, 3. వెనక 4, 5. ఏ వైపు చూసినా పక్కపక్క పేజీలు కలిపితే 9 రావాలి. మొత్తం పేజీల కన్నా ఒకటి ఎక్కువ, అదే సూత్రం. నాలుగు పేజీలకు 5, పన్నెండుకు 13.

వెనకవైపు తలకిందులవడానికి కారణం ప్రింటర్ సెట్టింగు. రెండువైపులా ప్రింటు ఇచ్చేటప్పుడు "పొట్టి అంచు మీద తిప్పు" అన్నది ఎంచుకోవాలి. పొడుగు అంచు ఎంచుకుంటే మీకు జరుగుతున్నదే జరుగుతుంది. ఎప్పుడైనా సరే ఒక్క ప్రతి తీసి, మడిచి చూశాకే మిగతావి వేయండి. చుట్టూ 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. చాలా ప్రింటర్లు కాగితం అంచుదాకా వేయలేవు, చివరి అక్షరాలు తెగిపోతాయి.

పిన్ను బదులు దారంతో కుట్టండి, మూడో తరగతి నుంచి పిల్లలే చేయగలరు. మడత పొడవు 21 సెంటీమీటర్లు. మధ్యలో ఒక చిల్లు, పైనుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కిందనుంచి 5 దగ్గర ఒకటి. చిల్లులు టీచరు దబ్బనంతో పొడిచి ఇవ్వాలి. సూదిని లోపలి నుంచి మధ్య చిల్లులో గుచ్చి బయటికి తీయాలి. బయట పైకి వెళ్ళి పై చిల్లులోంచి లోపలికి. లోపల మధ్య చిల్లును దాటుకుని కింది చిల్లుదాకా దిగి బయటికి. మళ్ళీ మధ్య చిల్లులోంచి లోపలికి. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపలే ఉంటాయి. లోపలి పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉండేలా లాగి ముడి వేయాలి. రెండూ ఒకేవైపు ఉంటే కుట్టు జారి వదులవుతుంది. దారాన్ని మడత వెంబడే లాగాలి. పక్కకు లాగితే కాగితం చిరుగుతుంది.

ప్ర: కంప్యూటర్లో టైపు చేసి ప్రింటు షాపుకు పంపితే తెలుగు అంతా పిచ్చి గుర్తులుగా వస్తోంది.

జ: పాత డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకున్న ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో లోపలున్న గుర్తులే బయటపడతాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌నే పంపండి. చిన్న తరగతుల పిల్లలు చదివే భాగానికి అక్షరం 16 పాయింట్లు, మిగతాదానికి 13 లేదా 14. వరుసల మధ్య ఎడం ఒకటిన్నర. అంతకు తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. రెండు అంచులూ సమం చేయకండి. మన పొడుగు మాటలకు మధ్యలో పెద్ద ఖాళీలు వస్తాయి.

ప్ర: పిల్లల రాతల్లో తప్పులు దిద్దాలా, అలాగే వేయాలా?

జ: అక్షరం దిద్దండి, వాక్యం దిద్దకండి. ఒకటో తరగతి పాప "నీళు ఎకువ పోసాం మొకలు పడిపొయాయి" అని రాసిందనుకోండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించండి. "నీళ్ళు" అని నోటితో ఒత్తి పలికినప్పుడు ఒత్తు ఎక్కడ పోయిందో తనకే వినిపిస్తుంది. "నీళ్ళు ఎక్కువ పోశాం. మొక్కలు పడిపోయాయి." ఇంతే అచ్చు వేయండి. దాన్ని "అధిక నీటి వలన మొక్కలు నేలకొరిగినవి" అని మార్చితే ఆ పేజీలో పాప ఇక లేదు. తల్లి చదివినా తన బిడ్డ గొంతు వినబడదు.

1920లలో ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు తరగతి గదిలోకే చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లల రాతల్ని పిల్లలచేతే అక్షరం అక్షరం కూర్పించి అచ్చు వేయించి, దూరపు బడి పిల్లలతో ఇచ్చిపుచ్చుకునేలా చేశాడు. తెలియనివాళ్ళు చదువుతారంటే పిల్లలు తమంతట తామే సరిచూసుకుంటారు. మీరూ వేరే బడితో ఒక్క ప్రతి మార్చుకుని చూడండి.

ప్ర: అందరి ఫోటో వేస్తే మొహాలన్నీ నల్లగా వస్తున్నాయి. పేర్లతో సహా వేయవచ్చా?

జ: 46 మందిని మూడు వరుసల్లో నిలబెట్టి 12 సెంటీమీటర్ల వెడల్పున వేస్తే ఒక్కొక్కరికి దక్కేది 8 మిల్లీమీటర్లు. అందులో మొహం ఎంత? జిరాక్సులో అది చుక్కే. ఇద్దరు ముగ్గురు పనిచేస్తున్న దగ్గరి ఫోటో తీయండి: సీసా మీద గీతలు గీస్తున్న చేతులు, సూదిలోకి దారం ఎక్కిస్తున్న వేళ్ళు. పిల్లలు కిటికీ వైపు తిరిగి ఉండాలి, కిటికీ మీ వెనక ఉండాలి. ఫ్లాష్ వద్దు. ప్రింటుకు పంపేముందు వెలుగు కాస్త పెంచండి. మెసేజ్‌లో ఫోటోగా పంపితే సైజు కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాలి. 8 సెంటీమీటర్ల వెడల్పు ఫోటో స్పష్టంగా రావాలంటే అడ్డంగా దాదాపు 950 పిక్సెళ్ళు కావాలి.

ఏడాది మొదట్లోనే ప్రతి ఇంటి నుంచి సంతకం తీసుకోండి. ఫోటోకు, పేరుకు, ఫోన్లలో పంచుకోవడానికి విడివిడిగా మూడు గళ్ళు పెట్టండి. ఒకదానికి సరేనన్నవాళ్ళు మిగతావాటికి అనకపోవచ్చు. ఫోటో కింద పూర్తి పేరు వేయకండి. "నాలుగో తరగతి పిల్లలు" చాలు. ఫలానా రోజు ఫలానా చోటికి తీసుకెళ్తున్నామన్న కబురు ఫోటోతో కలిపి ముందుగా ఎప్పుడూ వేయవద్దు. వద్దన్నవాళ్ళ పిల్లలను పక్కన నిలబెట్టకండి, వాళ్ళకు కెమెరా ఇవ్వండి.

ప్ర: ఇళ్ళలో ఎవరూ చదవడం లేదు. సంచుల అడుగున నలిగిపోతున్నాయి.

జ: వచ్చే నెల తేదీలు చివరి పేజీ కింది సగంలో, చించి గోడకు అంటించుకునేలా వేయండి. తేదీతో పాటు వారం పేరు, ఏం తేవాలో రాయండి. దాని వెనక పేజీలో పిల్లల రాత ఉండకూడదు, చించితే అది పోతుంది. లోపల ఎక్కడో ఒకచోట ఇంట్లోవాళ్ళు జవాబు చెప్పాల్సిన ప్రశ్న పెట్టండి: "మీ చిన్నప్పుడు బడికి ఎన్ని నిమిషాలు నడిచారు?" జవాబు రాసిన చీటీ తెస్తే వచ్చే సంచికలో వేస్తాం అనండి. చీటీలు వస్తాయి.

ఇంటికొకటి కాకుండా పిల్లకొకటి ఇవ్వండి. అక్కకిచ్చినది తమ్ముడిది కాదు. మూడు ప్రతులు అదనంగా వేసి బడిలో దాచండి, ఒకటి మడవకుండా. మళ్ళీ కాపీలు తీయడానికి అదే పనికొస్తుంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, కొన్నాళ్ళకు జిరాక్సు పొడి ఊడి కవరుకు అంటుకుంటుంది. అట్ట ఫైలులో ఉంచండి.