"తీరం దాటింది" అంటే పోయిందని కాదు, వచ్చిందని

"జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వల్ల మనకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా? దాన్ని నడిపేవాడు సైన్యం నుంచి రావాలా, రాజకీయాల నుంచి రావాలా?" అని అడిగారు. నేను వైజాగ్ వాడిని, 2014 నాటి తుపాను హుద్‌హుద్‌ని ఇంట్లో కూర్చుని చూసినవాడిని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత ఆ ఒక్క రోజుతోనే వచ్చేసిందని నా నమ్మకం.

ముందు ఒక చిరాకు తీర్చుకోనివ్వండి. టీవీలో నారింజ రంగు డ్రెస్సులతో పడవలు తోసేవాళ్లని చూపించి "విపత్తు సంస్థ వచ్చింది" అంటారు. వాళ్లు ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) జవాన్లు, బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి బలగాల నుంచి వచ్చినవాళ్లు. మీరు అడిగిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, అంటే ఎన్డీఎంఏ, ఢిల్లీలో ఉండి ప్రణాళికలు, మార్గదర్శకాలు రాస్తుంది. తుపాను ఎక్కడుందో చెప్పేది వాతావరణ శాఖ. ఊళ్లు ఖాళీ చేయించేది కలెక్టరు, తహసీల్దారు. మరి ఎన్డీఎంఏ ఏం చేయాలి? నాకు తెలిసి జనానికి అర్థమయ్యేలా చెప్పించాలి. అక్కడే నా గొడవంతా.

2014 అక్టోబర్ 12, ఆదివారం. మాది సీతమ్మధారలో రెండో అంతస్తు. తెల్లారేసరికే కరెంటు లేదు. గాలి ఉత్తరం వైపు నుంచి కొడుతుంటే కిటికీ అద్దాలు ఊగిపోతున్నాయి. మంచం మీది పరుపు లాగి కిటికీకి అడ్డం పెట్టి, నేనూ మా బావమరిదీ వీపులు ఆనించి కూర్చున్నాం. తలుపు కింద నుంచి వచ్చే నీళ్లకి మా ఆవిడ పాత చీరలు వేసి బకెట్లో పిండుతోంది. గంటలు గంటలు అదే పని.

మధ్యాహ్నం అవుతుండగా గాలి ఆగిపోయింది. తగ్గలేదండీ, ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి మా అన్నయ్య ఫోన్ కలిసింది. "ఒరేయ్, తీరం దాటేసిందట, టీవీలో వేస్తున్నారు." ఆ తర్వాత ఫోన్లు చచ్చాయి. మా అమ్మ "అమ్మయ్య, దాటిపోయింది" అని దేవుడి గూటి వైపు దండం పెట్టింది. దాటేసింది అంటే తెలుగువాడికి ఏం అర్థమవుతుంది? బస్సు మన స్టాపు దాటేసిందంటే వెళ్లిపోయిందనే కదా!

అపార్ట్‌మెంట్ జనమంతా మెట్ల మీదికి వచ్చారు. చెట్లకి ఆకన్నది లేదు. నలిగిన వేపాకు వాసన. కింద నా స్కూటరు పడిపోయి ఉంటే లేపుదామని దిగాను, వెనకాలే బావమరిది. గేటు పక్క గదిలోంచి వాచ్‌మన్ భార్య తల బయటపెట్టి, "బాబూ, పైకెళ్లిపోండి. ఇది ఆగినట్టు కాదు, తిరుగు గాలి రావాలింకా" అంది. ఆమెది శ్రీకాకుళం జిల్లా, వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఒడ్డు ఊరు. నేను డిగ్రీ చదివినవాడిని కదా, నవ్వాను. "టీవీలో చెప్పారమ్మా, అయిపోయింది" అన్నాను.

స్కూటరు సగం లేపాను, అంతే. ఈసారి దక్షిణం వైపు నుంచి వచ్చింది, పొద్దున్నదాని కంటే ఎక్కువగా. కార్ల షెడ్డు రేకు ఒకటి లేచి మా తలల మీదుగా వెళ్లి ఎదురు గోడకి కొట్టుకుంది. మేం పరిగెత్తి వాచ్‌మన్ గదిలో దూరాం. గడియ ఊడిపోతుంటే నిండు గ్యాస్ బండ దొర్లించి తలుపుకి అడ్డం పెట్టాం. ఆమె కూతురు చెవులు మూసుకుని నా మోకాళ్ల దగ్గర ముడుచుకుంది. రెండు గంటలకు పైనే అలా ఉన్నాం. ఆమె "నేను చెప్పలేదా" అని ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా సిగ్గుగా అనిపించింది.

పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పరుపు ఉత్తరం కిటికీకే ఉండిపోయింది. దక్షిణం వైపు బాల్కనీ గాజు తలుపు పగిలి లోపలికి వచ్చింది. మా ఆవిడ చేతికి ఆరు కుట్లు.

తుపాను మధ్యలో కన్ను ఉంటుందని, తీరం దాటడమంటే ఆ కన్ను ఒడ్డు ఎక్కడమేనని, అది మీదుగా పోతున్నంతసేపు గాలి ఉండదని, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుందని ఆ రెండు మూడు రోజుల్లో నా చెవిన ఎవరూ వేయలేదు. గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో, ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరికో మాత్రం కంఠతా వచ్చేసింది. తర్వాతెప్పుడో తీరిగ్గా ఎన్డీఎంఏ తుపాను సూచనలు చదివితే, గాలి తగ్గినట్టున్నా బయటికి రావొద్దు, కన్ను మీదుగా పోతుండొచ్చు అని శుభ్రంగా రాసి ఉంది! రాసిన కాగితం ఢిల్లీలో ఉంది, ఆ సంగతి తెలిసిన మనిషి మా వాచ్‌మన్ గదిలో ఉంది, ఏమీ తెలియని నేను మధ్యలో రెండో అంతస్తులో ఉన్నాను.

ఇక నాయకత్వం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఎన్డీఎంఏ చైర్మన్ ప్రధానమంత్రే, ఎవరున్నా సరే. రోజువారీ పని చూడాల్సింది వైస్ చైర్మన్. మొదట ఆర్మీ మాజీ చీఫ్ జనరల్ విజ్ ఉన్నారు, తర్వాత అప్పటి కాంగ్రెస్ నాయకుడు, మన మర్రి శశిధర్ రెడ్డి గారు. అంటే సైన్యమూ అయింది, రాజకీయమూ అయింది. 2014లో ప్రభుత్వం మారగానే శశిధర్ రెడ్డి గారు రాజీనామా చేశారు. హుద్‌హుద్ వచ్చేటప్పటికి ఆ కుర్చీ ఖాళీ, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఖాళీయే. ఆ సంగతి మా వీధిలో ఒక్కడికి తెలిసి ఉంటే ఒట్టు. చంద్రబాబు గారు వచ్చి రోజుల తరబడి ఇక్కడే మకాం వేశారు, పనులు కదిలాయి, కాదనను. కానీ ముఖ్యమంత్రి అయినా ఎవరైనా వచ్చేది తుపాను పోయాకే కదా. పాల ప్యాకెట్ చెప్పిన రేటుకి కొనుక్కుని, నీళ్ల ట్యాంకరు వెనక బిందెతో పరిగెత్తింది మేమే. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మా స్కూటరు చూసి "ఇల్లు పడిపోలేదు కదా సార్" అని పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు, ఆ కథ ఇంకోసారి.

మంచి కూడా చెప్పాలి. 1977లో దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా మింగింది. హుద్‌హుద్‌కి మన రాష్ట్రంలో పోయినవాళ్లు వందలోపే. ఒడ్డున ఉన్న ఊళ్లని ముందే ఖాళీ చేయించారు. కాకపోతే తుపాను అంటే గుడిసెల వాళ్లకే అనుకునే మా లాంటి ఫ్లాట్ల జనాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారి గీమని మోగాయి గుర్తుందా, హెచ్చరికల పరీక్ష? మా అమ్మ ఫోన్ పేలిపోతుందని బకెట్ నీళ్లు తెచ్చింది. ఆ మోత నాకు నచ్చింది. దాని వెనక వచ్చే మాటలు ఎవరు రాస్తారన్నదే నా టెన్షన్. జనరల్ గారినైనా పెట్టండి, మంత్రి గారినైనా పెట్టండి, పక్కన "దాటింది" అనే మాటని కొట్టేసి "మీదికి వచ్చింది, గాలి ఆగినా కదలొద్దు" అని రాసేవాళ్లొకరు ఉంటే నాకు చాలు.

ఆ వాచ్‌మన్ కుటుంబం తర్వాత సొంతూరు వెళ్లిపోయింది. 2018లో తిత్లీ తుపాను సరిగ్గా వాళ్ల వైపే వచ్చింది. ఎన్ని రోజులు ప్రయత్నిస్తే ఫోన్ కలిసిందో. అందరూ బాగున్నారా అని అడిగాను. "బాగున్నాం బాబూ. తిరుగు గాలి కూడా అయ్యాకే తలుపు తీశాం" అంది. కాసేపాగి, "కొబ్బరి చెట్లు ఒక్కటీ లేదు" అంది.