మోకాళ్ళ ఇంజెక్షన్లకు ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా ఆయనకి 56 ఏళ్ళు. రెండెకరాల వరి, ఎకరం కొబ్బరితోట ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆయనకి రెండు మోకాళ్ళూ నొప్పే. రాజమండ్రిలో చూపిస్తే అరుగుదల అన్నారు. పీఆర్‌పీ ఇంజెక్షన్లు (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లతో వేసేవి) చేయించుకోమన్నారు. మోకాలికి 12 వేలు, నెలకోసారి మూడు విడతలు, మొత్తం 72 వేలు. ఒకేసారి కడితే 65 వేలకి చేస్తారట. పాప ఇంజనీరింగ్ ఫీజు కోసం వేసిన రెండున్నర లక్షల ఎఫ్‌డీకి ఆగస్టులో గడువు తీరుతుంది. కొబ్బరి దింపు మీద రెండు నెలలకోసారి ఖర్చులు పోను 18 వేల దాకా వస్తాయి. ఎఫ్‌డీ తీయమంటారా, తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెమ్మంటారా? పోయినేడు తీసుకున్న ఐదు లక్షల హెల్త్ పాలసీలో ఇది వస్తుందా?

జవాబు: అమ్మా, ఎఫ్‌డీ తీయకండి. రెండు రూపాయల వడ్డీ జోలికి అసలే వెళ్ళొద్దు. 65 వేలు ఒకేసారి కట్టడం అంతకన్నా వద్దు. ఇంజెక్షన్లు చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఆయన, డాక్టరుగారు తేల్చుకోవాల్సిన మాట. నేను చెప్పగలిగేది ఒక్కటే. వాటికి పెట్టే డబ్బు, మందు పని చేయకపోయినా మీ ఇల్లు ఇబ్బంది పడని డబ్బై ఉండాలి.

ఎందుకంటే ఇందులో ఫలితానికి గ్యారంటీ లేదు. చేతి నుంచి రక్తం తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిరా తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు ద్రవం తేలుతుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. వేయించుకుని హాయిగా ఉందన్నవాళ్ళు ఉన్నారు. మేలు కనిపించిన పరిశోధనలూ ఉన్నాయి. కానీ 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, మోకాళ్ళు అరిగిన 288 మందిలో కొందరికి పీఆర్‌పీ, మిగతావాళ్ళకి సెలైన్ ఎక్కించి ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీళ్ళ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలైతే మోకాళ్ళ అరుగుదలకి దీన్ని వద్దనే చెప్పాయి. ఈ మాటలు డాక్టరుగారి ముందు పెట్టి, మా ఆయన మోకాళ్ళకి ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు, ముందు కొన్నాళ్ళు ఫిజియోథెరపీ చేసి చూడొచ్చా అని అడగండి. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామానికి, ఒళ్ళుంటే బరువు తగ్గడానికి రుజువు ఎక్కువ, ఖర్చు తక్కువ.

అయినా చేయించుకుందాం అనుకుంటే ఏ విడత డబ్బు ఆ విడతకే కట్టండి. ఇంజెక్షన్ గుణం తెలియడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు విడతలయ్యాక కూడా మార్పు లేకపోతే ఆగిపోయే వీలు మీ చేతిలో ఉండాలి. ఏడు వేల తగ్గింపుకి ఆశపడి దాన్ని వదులుకోకండి. డబ్బు కట్టేసిన వైద్యాన్ని మధ్యలో మానడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇక 72 వేలన్నది ఇంజెక్షన్ల ఖరీదు మాత్రమే. ముందు వారం పది రోజులు, తర్వాత కొన్ని వారాలు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మానమంటారు, ప్లేట్‌లెట్ల పనికి అడ్డం వస్తాయని. అవసరమైతే పారాసిటమాల్ ఇస్తారు. మీ ఆయన మాత్ర వేసుకుని చేలోకి దిగే మనిషైతే ఆ రోజుల్లో బదులు మనిషిని పెట్టుకోవాల్సిందే. (రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి, అవి రాసిన డాక్టర్నే అడగండి. ఇది డబ్బు విషయం కాదు గానీ చెప్పకుండా ఉండలేను.) వేసిన రెండు మూడు రోజులు నొప్పి, వాపు పెరగొచ్చు. ఆ కాళ్ళతో బండి నడుపుకుంటూ రావడం కుదరదు. రావులపాలెం మీదుగా కారు మాట్లాడుకోవాలి. కొన్నాళ్ళు గొంతుక్కూర్చోకూడదు కాబట్టి ఇంట్లో పాత తరహా మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ కొనాలి. దింపిన కాయ ఏరి పోగు పెట్టడం, గేదెకి గడ్డిమోపు తేవడం ఇంకొకరు చేయాలి. ఫిజియోథెరపీ కూడా కలిపితే మరో పాతిక, ముప్పై వేలు అవుతాయని నా అంచనా.

అందుకే రోజులు చూసి పెట్టుకోండి. దాళ్వా (రబీ) కోతలయ్యాక ఏప్రిల్ ఆఖర్లో మొదటి విడత, కాలువలు కట్టేసి ఉన్నప్పుడు మే ఆఖర్లో రెండోది వేయిస్తే, సార్వా (ఖరీఫ్) దమ్ముల లోగా మోకాళ్ళకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. దమ్ముచేలో కాలు మెలిపడితే పెట్టిన డబ్బంతా ఆ బురదలోనే పోతుంది. మూడో విడత సంగతి అప్పటి నొప్పిని బట్టి డాక్టరుగారే చెబుతారు.

దాళ్వా ధాన్యం డబ్బు పడగానే 36 వేలు పక్కన పెట్టండి, మొదటి విడతకీ, ఆ విడత పై ఖర్చులకీ సరిపోతుంది. రెండో విడతకి దింపు డబ్బు ఉంది, తగ్గిన ఆరేడు వేలు సర్దుకోవచ్చు. ధాన్యం డబ్బు ఆలస్యమైతే ఎఫ్‌డీ మీదే లోన్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం కలిపి ఇస్తారు. ఎనిమిదిన్నర శాతం అనుకున్నా 24 వేలకి రెండు నెలల వడ్డీ 340 రూపాయలు. బయట తెస్తే 960. ఆగస్టులోగా తీర్చేస్తే పాప ఫీజుకి ఢోకా ఉండదు. పంట లోన్ మాత్రం సార్వా పెట్టుబడికే ఉంచండి.

పాలసీలో ఇది రాదనే అనుకోండి. ఇంజెక్షన్ ఓపీలోనే అయిపోతుంది. మామూలు పాలసీలు 24 గంటల అడ్మిషన్‌కో, డే కేర్ (చేరిన రోజే ఇంటికి పంపే) చికిత్సలకో ఇస్తాయి. రుజువు చాలని చికిత్సలకి ఇవ్వబోమన్న షరతూ పాలసీల్లో ఉంటుంది. "ఒక రాత్రి ఉంచి క్లెయిమ్ పెట్టిస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దొంగ క్లెయిమ్ అని తేలితే పాలసీయే రద్దవ్వొచ్చు.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఇంకోటుంది. నొప్పి నాలుగేళ్ళది, పాలసీ పోయినేటిది. ప్రపోజల్ ఫారంలో మోకాళ్ళ సంగతి రాశారా? "అవేం రాయక్కర్లేదండీ" అని చాలామంది ఏజెంట్లు అంటారు. రేపు కీలు మార్పిడి అవసరమైతే, ఆస్పత్రి కాగితం మీద "నాలుగేళ్ళుగా నొప్పి" అన్న ఒక్క ముక్క చాలు, క్లెయిమ్ ఆపేయడానికి. రాయకపోయి ఉంటే ఇప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ప్రీమియం పెంచొచ్చు, షరతులు మార్చొచ్చు, అయినా చెప్పడమే మంచిది. ముందునుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ (క్లెయిమ్‌కి ఆగాల్సిన గడువు) 36 నెలలు దాటకూడదని 2024 నుంచి నిబంధన. కీలు మార్పిడికి విడిగా వెయిటింగ్ ఉంటే అదీ అంతలోపే. మోకాలి ఇంప్లాంట్ల (కృత్రిమ కీళ్ళ) ధరకి 2017లో కేంద్రం పరిమితి పెట్టినా ఆస్పత్రి బిల్లు లక్షల్లోనే ఉంటుంది. మీ ఐదు లక్షల పాలసీ అక్కరకొచ్చేది అప్పుడే, కాబట్టి రెన్యువల్ ఒక్కరోజు కూడా తప్పనివ్వకండి. ఫారం కాపీ దగ్గర లేకపోతే కంపెనీని అడిగి తెప్పించుకుని, రెన్యువల్‌కి నెల ముందే ఈ పని పూర్తి చేయండి.