రిపబ్లికన్ పార్టీ మీద మనసు విరిగిన మా అమ్మడికి

అమ్మడూ,

నీ మెయిల్ మీ పెదనాన్నకు కూడా చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "మన రీగన్ పార్టీ ఎక్కడికి పోయిందే?" అన్నారు. అది నన్నడిగితే నేనేం చెప్తాను.

నువ్వు ఒక ప్రశ్న పేరు పెట్టి నాలుగు అడిగావు. నలభై ఆరేళ్ళ వయసు, ఆరేళ్ళ కొడుకు, పదహారేళ్ళ కూతురు, ఇంకా ఆ పార్టీనే పట్టుకుని ఉన్న మొగుడు. వీళ్ళ మధ్య నువ్వు నమ్మిన రాజకీయం నీకే చేదైపోతే ఏం చేయాలి అని. నాకు తోచింది రాస్తున్నాను. అన్నీ పాటించక్కర్లేదు, నీకు కుదిరినవి తీసుకో.

ముందుగా, ఇన్నేళ్ళూ వాళ్ళకు ఓటేశానని నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్. పన్నులు తక్కువుండాలి, కష్టపడ్డవాడికి ఫలితం దక్కాలి, కుటుంబం నిలబడాలి, దేవుడి మీద భక్తి ఉండాలి. తెనాలి పక్క పల్లెలో పుట్టినవాళ్ళకు ఈ మాటలు ఒక పార్టీ వచ్చి నేర్పాలా? మేము ఈ దేశానికి వచ్చిన రోజుల్లో ఆ పార్టీ మన ఇంటి మాటలే మాట్లాడేది. 1986లో కాగితాలు లేని దాదాపు 27 లక్షల మందికి ఇక్కడ ఉండే హక్కు తెచ్చిన చట్టం మీద సంతకం పెట్టింది ఆ పార్టీ అధ్యక్షుడు రీగన్. 1990లో హెచ్-1బి వీసాను పుట్టించిన చట్టం మీద సంతకం పెద్ద బుష్‌ది. 2001లో దాడులు జరిగిన వారం తిరక్కుండానే మసీదుకు వెళ్ళి, ముస్లింలను భయపెట్టొద్దని చెప్పింది చిన్న బుష్. అల్లుడు అమెరికాలో దిగిన వీసా ఆ పార్టీ అధ్యక్షుడి సంతకంతో పుట్టింది. 2025 సెప్టెంబర్‌లో అదే వీసాకు కొత్తగా అప్లై చేస్తే లక్ష డాలర్లు కట్టాలన్నది కూడా ఆ పార్టీ అధ్యక్షుడే. నీ నమ్మకాలు ఉన్నచోటే ఉన్నాయి. పక్కకు జరిగిపోయింది వాళ్ళు.

అందుకని ఒక పని చెయ్. పార్టీ అనేది లేకపోయినా నువ్వు దేన్ని నమ్మేదానివో ఒక కాగితం మీద రాసుకో. పొదుపు, పూజ, పెద్దల పట్ల మర్యాద, అప్పు చేయకపోవడం, ఏవైతే అవి. అవి నీ సొంతం, పార్టీ మారినా మారకపోయినా నీతోనే వస్తాయి. నువ్వు ఉదయం పూజ మానేశావని రాశావు చూడు, అది నాకు నచ్చలేదు. వాళ్ళ మీద కోపం వస్తే మన దేవుడేం చేశాడే?

ఇక కోపం సంగతి. నీకు తగిలిన దెబ్బలన్నీ ఒకే రకం కావు, కానీ నువ్వు అన్నింటికీ ఒకేలా ఏడుస్తున్నావు. టెక్సాస్‌లో మా షుగర్‌లాండ్‌లో 90 అడుగుల హనుమంతుణ్ణి నిలబెట్టుకుంటే, 2025లో సెనేట్‌కు పోటీకి దిగిన రిపబ్లికన్ ఒకాయన అది అబద్ధపు దేవుడని, ఇది క్రైస్తవ దేశమని రాశాడు. 2024లో ఉషా చిలుకూరి వాన్స్ మన తెలుగింటి పిల్ల అని వాట్సాప్ గ్రూపుల్లో ఎంత సంబరపడ్డాం! పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పూజలు కూడా చేశారు. ఏడాది తిరిగేసరికి ఆమె భర్త, ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ మిసిసిపీలో వేల మంది ముందు, తన భార్య ఎప్పటికైనా క్రైస్తవం వైపు వస్తుందని ఆశపడుతున్నానన్నాడు. ఇవి అవమానాలు. గుచ్చుకుంటాయి, కాదనను. అయితే వాటికి ఒక పూట కోపం చాలు. ఆ హనుమంతుడు అక్కడే ఉన్నాడు, శనివారం జనం వస్తూనే ఉన్నారు.

చట్టాలు అలా కాదు, అవి మన పిల్లల ఒంటి మీదికి వస్తాయి. నీ ఓపిక దాచుకోవాల్సింది వాటి కోసం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. 2022 జూన్ 24న గర్భస్రావం రాజ్యాంగ హక్కు కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రెండు నెలలకు టెక్సాస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషేధం అయింది. తల్లి ప్రాణానికి ముప్పో, ఒంట్లో ముఖ్యమైన భాగం పని తీవ్రంగా దెబ్బతినే ప్రమాదమో ఉంటే తప్ప వీల్లేదు, అత్యాచారం జరిగినా మినహాయింపు లేదు. తప్పు చేశాడని తేలిన డాక్టర్‌కు జీవితాంతం జైలు పడొచ్చు. ముప్పు అంటే ఎంత ముప్పు, ఎప్పుడు చేయి వేయాలి అని డాక్టర్లు లాయర్లను అడిగే పరిస్థితి వచ్చింది. 2025లో ఆ చట్టాన్ని కొంత సవరించి, ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగక్కర్లేదన్నారు. నువ్వు కడుపులో బిడ్డ కూడా ప్రాణమే అని నమ్మినదానివి, ఇప్పుడూ నమ్ముతున్నావు. నేను దాన్ని మార్చుకోమనను. కానీ నీకు చిన్నాడు పుట్టింది నలభై దాటే వేళకు, ఐవీఎఫ్ వల్ల. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు ఫ్రీజర్‌లో ఉన్న పిండాలు కూడా పిల్లలే అంటే, అక్కడ కొన్ని క్లినిక్‌లు ఐవీఎఫ్ ఆపేశాయి. మళ్ళీ మార్చిలో చట్టం చేస్తే గానీ పని మొదలవలేదు. ఆ వారం నువ్వు ఫోన్ చేసి, "నాలాంటి వాళ్ళు బిడ్డను కనడానికి ఎవరు అడ్డం వస్తున్నారు పెద్దమ్మా, మన వాళ్ళేనా?" అన్నావు. నీ మనసు విరిగింది అప్పుడే అనుకుంటాను. ప్రాణం విలువైనదని నమ్మడం, డాక్టర్‌ను జైలుకు పంపే చట్టానికి ఓటేయడం, రెండూ ఒకటే కావాలని ఏమీ లేదు. దాన్ని గట్టిగా చెప్పే హక్కు నీలాంటి తల్లికే ఎక్కువ ఉంది.

పెద్దది "ఇదంతా నీ ఓటు వల్లే" అంటోందన్నావు. పదహారేళ్ళ పిల్ల అనక ఎవరంటారు? అప్పుడు ఎందుకు నమ్మావో, ఇప్పుడు ఏది నచ్చడంలేదో దాన్ని కూర్చోబెట్టి ఒకసారి చెప్పు. సంజాయిషీలా వద్దు, ఏడుపులా అసలొద్దు. తర్వాత మళ్ళీ ఎత్తితే "చెప్పాను కదే" అని వంటింట్లోకి వెళ్ళిపో. నువ్వు రోజూ దాని ముందు బాధపడితే అది నీకు జడ్జి అయి కూర్చుంటుంది, అది దానికి మంచిది కాదు, నీకూ కాదు. టెక్సాస్‌లో పదిహేడేళ్ళ పది నెలలు నిండితే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఆ రోజు నువ్వే దగ్గరుండి ఫారం నింపించు. ఎవరికి వేస్తావని అడగకు.

చిన్నాడికి రాజకీయం అక్కర్లేదు. తరగతి గదుల్లో పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలని 2025లో చట్టం చేశారు కదా, అది కోర్టులకెక్కింది. వాడు ఎక్కడైనా ఆ పోస్టర్ చూసి "నన్ను తప్ప వేరే దేవుణ్ణి పూజించొద్దు అని ఉందేంటమ్మా" అని అడిగితే, "అది వాళ్ళ పుస్తకంలో మాట, మన ఇంట్లో మన దేవుళ్ళున్నారు" అను, అక్కడితో సరి. డల్లాస్ దగ్గర ఏలెన్ మాల్‌లో 2023 మేలో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది పోయారు, అందులో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. అది మీ ఇంటికి కారులో ఎంత దూరమో నాకు తెలుసు. ఆ భయం నీది, వాడికి ఇవ్వకు. స్కూల్లో చేయించే డ్రిల్ చాలు.

అల్లుడి విషయంలో నాది ఒకటే మాట, మార్చాలని చూడకు. వాదించి మొగుడి ఓటు మార్చిన ఆడదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. పడగ్గదిలో, పిల్లల భోజనాల దగ్గర ఆ ఊసు వద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. పార్టీకి విరాళం మాత్రం ఉమ్మడి ఖాతాలోంచి వెళ్ళకూడదు, అది అడగడం నీ హక్కు. వాళ్ళ తమ్ముడి వీసా సంగతి తేలితే ఆయనే ఆలోచిస్తాడు, నువ్వు గుర్తు చేయక్కర్లేదు.

"మరి నేను అటువైపు, డెమోక్రాట్లలోకి వెళ్ళిపోనా?" అన్నావు. అత్తారింట్లో మనసు విరిగితే పక్కింటికి కాపురానికి వెళ్ళం కదా. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరే ఉండదు. పార్టీలు తమ అభ్యర్థులను తేల్చుకునే మార్చి ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే అడుగుతారు. ఒకటి తీసుకుంటే ఆ ఏడాది రనాఫ్‌లోనూ, అంటే రెండో విడత పోటీలోనూ దానికే కట్టుబడాలి, అంతే. 2020 నుంచి ఒకే బటన్‌తో పార్టీ మొత్తానికి ఓటు గుద్దే పద్ధతి కూడా తీసేశారు. ఎలాగూ ఒక్కో పదవికీ వేరుగా వేయాల్సిందే, మనిషిని చూసి వెయ్. నేనిప్పుడు అదే చేస్తున్నాను, కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేస్తాను కూడా. అన్నిటికన్నా, మీ స్కూల్ ట్రస్టీల ఎన్నికను వదలకు. వాషింగ్టన్ గొడవకు నెలంతా ఏడ్చేవాళ్ళు ఆ రోజు ఇంట్లో పడుకుంటారు. మీ పిల్లలు ఏ పుస్తకం చదవాలో, స్కూల్ డబ్బు ఎటు పోవాలో చాలావరకు తేల్చేది ఆ కొద్దిమందే.

నిద్ర గురించి కోప్పడాలి నిన్ను. తెల్లవారుజామున మూడింటికి చెమటలు పట్టి లేచి, ఫోన్ తీసి వార్తలు చూసి, దేశం తగలబడుతోందని గుండె దడ అంటున్నావు. ఆ చెమటలు దేశం వల్ల కాదమ్మా, నెలసరి ఆగే ముందు దశ అయ్యుంటుంది అది. ఏడ్చే ఏడుపులో సగం దానిదే అయ్యుండొచ్చు. సగమే అంటున్నాను, మొత్తం అనట్లేదు. ఎవరైనా "హార్మోన్ల వల్ల అలా మాట్లాడుతున్నావ్" అంటే ఊరుకోకు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి హార్మోన్ మాత్రలు నీకు సరిపడతాయా అని అడుగు. మన ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని వాళ్ళు అడుగుతారు, మీ అమ్మమ్మ సంగతి చెప్పడం మర్చిపోకు. ఫోన్ వంటింట్లో పెట్టి పడుకో.

మీ గుంపులో వాళ్ళు, అదే శుక్రవారం లలితా పారాయణం బ్యాచ్, "నువ్వు మారిపోయావే" అంటున్నారని బాధపడ్డావు. వాళ్ళలో ఇద్దరు నాకు విడిగా ఫోన్ చేసి, దాదాపు నీలాగే మాట్లాడారు. పేర్లు చెప్పను. పారాయణానికి మాత్రం వెళ్ళు.

మీ అమ్మకు ఏం చెప్పాలో తెలియట్లేదన్నావు. అడిగితే చెప్పు, అడగకపోతే వదిలెయ్. డాక్టర్‌ను చూపించుకున్నాక నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ